మాగ్నిఫిసెంట్‌లో దాగిన ఘనకార్యం

ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు తీసి ‘మాగ్నిఫిసెంట్’ అనే మాట వెతికితే అర్థాలు వరసగా కనిపిస్తాయి: ఘనమైన, అద్భుతమైన, వైభవోపేతమైన, శోభాయమానమైన, దివ్యమైన. అన్నీ మంచి మాటలే. వాటిలో ఏది ఎక్కడ వాడాలో మాత్రం నిఘంటువు చెప్పదు. అనువాదం చేసేవాళ్లు ఆ వరసలో చేతికి అందినదాన్ని పట్టుకుంటారు. అలా ‘ఎ మాగ్నిఫిసెంట్ టైగర్’ కాస్తా ‘వైభవోపేతమైన పులి’ అయి కూర్చుంటుంది. కిరీటం పెట్టి పల్లకీ ఎక్కించిన పులిలా ఉంటుంది ఆ మాట వింటే.

పోనీ ‘చాలా చాలా బాగుంది’ అనే అర్థంతో సరిపెట్టుకుందామా అంటే అదీ కుదరదు. గుడ్, వెరీ గుడ్, ఎక్సలెంట్, ఆ పైన మాగ్నిఫిసెంట్ అని మార్కుల లెక్కలో దీన్ని పెట్టడం చాలామందికి అలవాటు. నూటికి 90 వస్తే ఎక్సలెంట్, 99 వస్తే మాగ్నిఫిసెంట్ అన్నట్టు. ఈ మాట ఆ నిచ్చెనలోది కాదు. లెక్కల పరీక్షలో నూటికి నూరు వచ్చిన పేపరును ‘పర్‌ఫెక్ట్’ అంటారు గానీ మాగ్నిఫిసెంట్ అనరు. అదే గణితంలో ఎవరైనా 100 ఏళ్లుగా తేలని చిక్కుముడి విప్పితే ఆ పనిని మాగ్నిఫిసెంట్ అంటారు, అందులో చిన్న తప్పు ఒకటీ అరా ఉన్నా సరే. తప్పు లేకపోవడం ఒకటి, పెద్దగా ఉండడం ఇంకొకటి. ఈ విశేషణం రెండోదాని గురించి మాట్లాడుతుంది.

ఎందుకలా అన్నది దాని పుట్టుకలోనే ఉంది. లాటిన్‌లో ‘మాగ్నుస్’ అంటే పెద్ద. ‘ఫాకెరె’ అంటే చెయ్యడం. రెండూ కలిసి ‘మాగ్నిఫికుస్’ అయింది. అంటే పెద్ద పనులు చేసేవాడు. మొదట ఈ మాట ఒక వస్తువు ఎంత అందంగా ఉందో చెప్పేది కాదు, మనిషి ఏం చేశాడో చెప్పేది. అచ్చంగా ఇదే జోడింపు తెలుగులోనూ ఉంది: ఘన, కార్యం. లాటిన్‌వాళ్లు ‘ఘనకార్యశీలి’ అన్నట్టుగా అన్న మాట ఫ్రెంచి గుండా ఇంగ్లిష్‌లోకి వచ్చి పడింది. తెలుగులో ఘనకార్యం అనే మాటకు తర్వాత ఏ గతి పట్టిందో అందరికీ తెలుసు. ఆ సంగతికి మళ్లీ రావాలి, ఎందుకంటే ఇంగ్లిష్ మాట కూడా ఒక మూల అదే దారి పట్టింది.

ఇక్కడ చిన్న వింత. మామూలుగా అయితే లాటిన్ ‘మాగ్నిఫికుస్’ నుంచి ఇంగ్లిష్‌కు ‘మాగ్నిఫిక్’ రావాలి. వచ్చింది కూడా. కానీ నిలబడలేదు, ఇప్పుడది పాత పుస్తకాల్లో తప్ప వినపడదు. నిలబడినది తోక ఉన్న రూపం. ఆ ‘సెంట్’ అనే తోక లాటిన్‌లో ‘ఇంకా ఘనమైన’ అని చెప్పే తులనాత్మక రూపం నుంచి వచ్చింది. అంటే ఈ మాట పుట్టడమే ఎవరితోనో పోల్చుకుంటూ పుట్టింది. ఇంగ్లిష్‌లో నామవాచకం ‘మాగ్నిఫిసెన్స్’ ముందు వచ్చింది, 14వ శతాబ్దంలో. విశేషణం తర్వాత, 15వ శతాబ్దంలో. తొలిరోజుల్లో ఆ నామవాచకానికి అర్థం భవనాల శోభ కాదు, మనసు పెద్దది కావడం, చెయ్యి పెద్దది కావడం. దాతృత్వం, అభిరుచి రెండూ ఉన్నవాడి గుణం.

దీని తోబుట్టువు ‘మాగ్నిఫై’. ఈ మాట వినగానే భూతద్దం గుర్తొస్తుంది. కానీ వస్తువును పెద్దది చేసి చూపించడం అనే అర్థం ఆ మాటకు 17వ శతాబ్దంలో గానీ రాలేదు. అంతకుముందు మాగ్నిఫై చెయ్యడమంటే కొనియాడడం. 1611లో అచ్చయిన ఇంగ్లిష్ బైబిల్‌లో మరియమ్మ ‘నా ఆత్మ ప్రభువును మాగ్నిఫై చేస్తోంది’ అంటుంది. ఇప్పటి పాఠకుడికి ఇది వింతగా ఉంటుంది, దేవుణ్ణి పెద్దది చేసి చూడడమేమిటని. తెలుగు బైబిల్ అక్కడ ‘ఘనపరచుచున్నది’ అన్న మాట వేసింది. ఇంతకంటే సరైన అనువాదం దొరకడం కష్టం. మూలంలో ఉన్న ‘పెద్ద’, ‘చెయ్యడం’ రెండూ ఆ ఒక్క క్రియలోనే ఉన్నాయి. ఆ గీతానికి లాటిన్‌లో తొలి మాట ‘మాగ్నిఫికాట్’. క్రైస్తవ సంగీతంలో ఆ పేరుతోనే ఎన్నో స్వరరచనలు ఉన్నాయి.

చివరి ‘ఫిక్’ చూసి ఇంకొన్ని మాటలు గుర్తుపట్టవచ్చు. పసిఫిక్ అంటే శాంతిని చేసేది. 1520లో పోర్చుగీసు నావికుడు మాజెలాన్ ఆ సముద్రంలోకి వచ్చేసరికి అది నిమ్మళంగా కనిపించి ఆ పేరు పెట్టాడు. హారిఫిక్ అంటే గగుర్పాటు పుట్టించేది. టెర్రిఫిక్ కూడా మొదట్లో భయం పుట్టించేదే. ఇప్పుడేమో ‘సినిమా టెర్రిఫిక్‌గా ఉంది’ అంటే భయపడ్డామని కాదు, బాగుందని. వాడి వాడి ఆ మాటలో భయం అరిగిపోయింది. తెలుగులో ‘బ్రహ్మాండం’ అలాగే అరిగింది. బ్రహ్మ సృష్టించిన అండం, అంటే మొత్తం విశ్వం. ఇప్పుడు చొక్కా బ్రహ్మాండంగా ఉంటుంది, నిద్ర బ్రహ్మాండంగా పడుతుంది. మాగ్నిఫిసెంట్ మాత్రం ఇంతలా అరగలేదు. రోజూ వాడేవాళ్లు తక్కువ, పలకడానికి నాలుగు అక్షరాల బరువు ఉంది. అందుకే ఇంకా దాని విలువ దానికుంది.

అసలు విషయం గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ దగ్గర ఉంది. నీతి గురించి రాసిన గ్రంథంలో ఆయన ‘మెగలొప్రెపెయియ’ అనే గుణాన్ని విడిగా తీసుకుని చర్చించాడు. లాటిన్‌వాళ్లు దాన్నే ‘మాగ్నిఫికెన్షియా’ అని అనువదించుకున్నారు. గ్రీకు మాటలో రెండు ముక్కలున్నాయి: ఒకటి పెద్ద, ఇంకొకటి తగినట్టు ఉండడం. అంటే పెద్ద ఎత్తున, కానీ సందర్భానికి తగినట్టు ఖర్చు చేసే గుణం. ఊరి కోసం యుద్ధనౌక సిద్ధం చేయించడం, దేవతలకు కానుకలు, గుళ్లు, ఇలాంటివి ఆయన చెప్పిన ఉదాహరణలు. ఒక వైపు పిసినారితనం. అన్నీ చేసి, చివర్లో చిన్నదాని దగ్గర చెయ్యి వెనక్కి లాక్కుని మొత్తం పాడుచేసే రకం. ఇంకో వైపు ఆర్భాటం. మామూలు స్నేహితుల విందును పెళ్లి విందులా చేసి, తన డబ్బు నలుగురూ చూడాలని తాపత్రయపడే రకం. ఈ రెండింటికీ మధ్యన ఉన్నవాడే మాగ్నిఫిసెంట్.

ఆ చర్చలోనే ఒక చిన్న ముక్క ఉంది, చాలామంది దాటేసి వెళ్లిపోతారు. ఎంతో అందమైన బంతి ఒకటి పిల్లవాడికి కానుకగా ఇస్తే, దాని ఖరీదు కొంచెమే అయినా, పిల్లల కానుకల లెక్కలో అది మాగ్నిఫిసెంట్ అవుతుందంటాడాయన. కాసేపు దీని దగ్గర ఆగాలి. బంతి పెద్దది కాదు. ఖరీదైనదీ కాదు. అయినా ఆ మాట దానికి ఎలా సరిపోయింది? ఇచ్చినది ఎవరికి, ఏ సందర్భంలో అన్నదానికి అది నిండుగా తగింది కాబట్టి. పెద్దదనం కొలతలో లేదు, తగినదనంలో ఉంది. ఇప్పటి ఇంగ్లిష్‌లో ‘ఎ మాగ్నిఫిసెంట్ జెస్చర్’ అనే ప్రయోగం వెనక ఈ నీడ ఇంకా ఉంది. ఓడిన ఆటగాడు తనే ముందుకొచ్చి గెలిచినవాడి చెయ్యి పైకెత్తితే ఆ మాట అంటారు. పైసా ఖర్చు లేదు. చేసినది పెద్దది.

తెలుగులో ‘వైభవం’ ఎలా వచ్చిందో చూస్తే ఇదే దారి కనిపిస్తుంది. ‘విభవం’ అంటే సంపద, ఐశ్వర్యం. ‘విభవం కొద్దీ చేశారు’ అంటే ఎవరికి ఉన్నంతలో వాళ్లు చేశారని. ఆ విభవం నుంచి వచ్చినదే వైభవం. కనుక ఆ మాటలో డబ్బు వాసన ఉంది, పదిమంది చేతుల పని ఉంది. పట్టాభిషేకం వైభవంగా జరుగుతుంది, ఉత్సవం వైభవంగా జరుగుతుంది, రాజభవనం వైభవోపేతంగా ఉంటుంది. ఇక్కడ మాగ్నిఫిసెంట్‌కు వైభవం సరిగ్గా అతుకుతుంది, రెండింటిలోనూ ఎవరో చేసినది, ఎవరో వెచ్చించినది ఉంది గనుక. పులి దగ్గర అతకనిదీ అందుకే. దాని చారలకు ఎవరూ ఖర్చు పెట్టలేదు.

ఇది చూసేవాళ్ల నోట వచ్చే మాట అన్నది ఇంకో విషయం. ‘ఐ యామ్ మాగ్నిఫిసెంట్’ అని తన గురించి తానే చెప్పుకునేవాడు నవ్విస్తున్నాడనైనా అనుకోవాలి, లేదా తల తిరిగినవాడనైనా అనుకోవాలి. చరిత్రలో ఈ బిరుదు తగిలినవాళ్లను చూసినా అదే తెలుస్తుంది.

ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో లొరెంజో దె మెదిచి ఉండేవాడు, 1449 నుంచి 1492 వరకు. బ్యాంకుల కుటుంబం. పేరుకు ఆ నగరం రిపబ్లిక్కే, రాజు లేడు. అయినా అధికారమంతా ఆయన చేతిలోనే ఉండేది. కుర్రవాడైన మైకెలాంజెలో ఆయన ఇంటి నీడలోనే శిల్పం నేర్చుకున్నాడు. ఆయన్ని చరిత్ర ‘ఇల్ మాగ్నిఫికో’ అంటుంది. ఆ రోజుల్లో అది అంత అరుదైన బిరుదేమీ కాదు. పెద్దమనుషులను మర్యాదగా పిలిచే మాట. ఎంతోమందికి తగిలించిన మాట మిగతా అందరినీ వదిలేసి ఒక్క లొరెంజోకే అంటుకుపోయింది, అరిస్టాటిల్ చెప్పిన ఖర్చు ఆయన చేసి చూపించాడు కాబట్టి.

సులేమాన్ సంగతి ఇంకా బాగుంటుంది. 1520 నుంచి 1566 వరకు తుర్కుల ఒట్టొమన్ సామ్రాజ్యాన్ని ఏలినవాడు. యూరప్‌వాళ్లు ఆయన్ని ‘సులేమాన్ ద మాగ్నిఫిసెంట్’ అన్నారు. ఆయన సొంత మనుషులు మాత్రం ‘కానూనీ’ అన్నారు. కానూన్లు చేసినవాడు, చట్టాలను చక్కబెట్టినవాడు. ఒకే మనిషి. బయటినుంచి చూసినవాళ్లకు కనిపించింది దర్బారు, సైన్యం, ధగధగ. లోపల బతికినవాళ్లకు కనిపించింది చట్టం. మాగ్నిఫిసెంట్ అనే మాట ఎటువైపు నిలబడి పుట్టిందో దీన్నిబట్టి చెప్పవచ్చు. కాస్త దూరం నుంచి, తల ఎత్తి చూస్తున్నవాళ్ల మాట అది.

దూరం నుంచి చూసేవాడి మాట అన్నందుకు ఇంకో సాక్ష్యం రష్యా మీద బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చేసిన క్రిమియా యుద్ధంలో దొరుకుతుంది. 1854 అక్టోబర్ 25న బాలక్లావా దగ్గర, ఆజ్ఞను అర్థం చేసుకోవడంలో జరిగిన పొరపాటు వల్ల, 600 మందికి పైగా బ్రిటిష్ ఆశ్వికులు మూడు వైపులా రష్యన్ ఫిరంగులున్న లోయలోకి దూసుకెళ్లారు. ఎత్తు మీదినుంచి చూస్తున్న ఫ్రెంచ్ సేనాని పియేర్ బొస్కే అన్నాడని చెప్పే మాట ప్రపంచమంతా తిరిగింది: మాగ్నిఫికే, కానీ ఇది యుద్ధం కాదు. ఫ్రెంచిలో అన్నా మాట అదే వేరు నుంచి వచ్చింది. ఇందులో ‘మాగ్నిఫికే’ను ‘అద్భుతమే’ అని అనువదిస్తే ఆయన మెచ్చుకున్నట్టుంటుంది. ‘వైభవంగా ఉంది’ అంటే ఊరేగింపులా ఉంటుంది. ‘చూడ్డానికి ఘనంగానే ఉంది, కానీ యుద్ధమంటే ఇది కాదు’ అంటే దగ్గరికి వస్తుంది. ఆ ‘గానే’ అన్న రెండక్షరాలు చేసే పని ఎక్కువ. మెచ్చుకోలునూ ఇస్తాయి, వెంటనే కాస్త వెనక్కీ లాక్కుంటాయి.

జీవశాస్త్రం కూడా ఈ మాటను వదల్లేదు. అమెరికా ఖండాల వెచ్చని తీరాల్లో ఎగిరే ఒక సముద్రపక్షి ఉంది, మాగ్నిఫిసెంట్ ఫ్రిగేట్‌బర్డ్. శాస్త్రీయ నామంలోనూ ‘మాగ్నిఫికెన్స్’ అని ఉంటుంది. రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు 2 మీటర్లు దాటుతుంది. మగదాని ఒళ్లంతా నలుపు. జోడు కోసం చూసే రోజుల్లో మగపక్షి గొంతు కింద ఎర్రటి సంచి ఒకటి గాలితో ఉబ్బి బెలూన్ అంతవుతుంది. తల వెనక్కి వాల్చి, ముక్కు ఆకాశం వైపు పెట్టి, ఆ ఎరుపు పైనెగిరే ఆడపక్షికి కనిపించేలా కూర్చుంటుంది. పేరు ఊరికే రాలేదనిపిస్తుంది. ఇంతా చేసి దాని బతుకుతెరువులో దొంగతనానికీ వాటా ఉంది. వేరే పక్షులు పట్టుకున్న చేపను గాలిలోనే వెంటపడి కక్కించి లాక్కుంటుంది. ఈకలు నీటిని ఆపలేవు కాబట్టి సముద్రం మీద వాలనూలేదు. ఘనత అంతా చూపులోనే. గుణగణాల గురించి ఈ విశేషణం ఎప్పుడూ హామీ ఇవ్వదు. మాగ్నిఫిసెంట్ దొంగ ఉండవచ్చు, మాగ్నిఫిసెంట్ అబద్ధం ఉండవచ్చు.

ఇరుగుపొరుగు మాటలను పక్కన పెట్టుకుంటే దీని ముఖం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ముందుగా ‘మెజెస్టిక్’. ఇందులో చేసిన పని లేదు, ఉండే తీరు ఉంది. రాజసం, ఠీవి. నిదానంగా కదిలేవాటికి ఇది బాగా నప్పుతుంది: ఏనుగు నడక, వెడల్పుగా పారే నది, ఆకాశంలో చక్కర్లు కొట్టే గద్ద. మాగ్నిఫిసెంట్‌కు నిదానం అక్కర్లేదు. చిటికెలో అయిపోయే క్యాచ్ కూడా మాగ్నిఫిసెంట్ కావచ్చు. దాన్ని మెజెస్టిక్ అంటే నవ్వొస్తుంది. ఈ రెండూ ఎంత దగ్గరి చుట్టాలంటే, 1894లో బ్రిటిష్ నౌకాదళం నీటిలోకి దించిన ‘మాగ్నిఫిసెంట్’ అనే యుద్ధనౌక ‘మెజెస్టిక్’ తరగతికి చెందినది. అర్ధశతాబ్దం తర్వాత కెనడా నౌకాదళంలోకి 1948లో వచ్చిన విమానవాహక నౌక పేరూ మాగ్నిఫిసెంటే, దాని తరగతి పేరూ మెజెస్టిక్కే. నావికులు మాత్రం ఇంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారని ‘మ్యాగీ’ అనేశారు.

‘గ్రాండ్’ పెద్దదనానికి, లాంఛనానికి సంబంధించిన మాట. గ్రాండ్ టోటల్‌లో అందమేమీ లేదు, గ్రాండ్‌ఫాదర్‌లో వైభవమేమీ అక్కర్లేదు. తెలుగులో ‘ఫంక్షన్ గ్రాండ్‌గా చేశారు’ అనే వాడుక స్థిరపడిపోయింది, అది వైభవానికి బాగా దగ్గర. ‘స్ప్లెండిడ్’లో వెలుగు ఉంది, లాటిన్‌లో మెరవడం అనే క్రియ నుంచి వచ్చింది. ‘గ్రాండియోస్’ దగ్గర మాత్రం జాగ్రత్త. చూడ్డానికి గ్రాండ్‌కు అన్నయ్యలా ఉంటుంది గానీ ఎక్కువసార్లు తిట్టే. స్థాయికి మించిన ఆర్భాటం అని అర్థం. అరిస్టాటిల్ చెప్పిన విందు మనిషి గ్రాండియోస్. తమ కంపెనీ ప్రణాళికను మెచ్చుకుందామని ‘గ్రాండియోస్ ప్లాన్’ అని మెయిల్ పెట్టినవాళ్లు అనుకోకుండా దాన్ని ఎగతాళి చేసినట్టే. ‘సబ్లైమ్’ ఇంకో లోకం. 1757లో ఎడ్మండ్ బర్క్ అనే రచయిత దాన్ని అందం నుంచి విడదీసి, భయంతో ముడిపెట్టాడు. తుఫానులో సముద్రం సబ్లైమ్. చూసేవాడి గుండె ఝల్లుమనాలి. మాగ్నిఫిసెంట్‌లో ఆ ఝల్లు లేదు, నోరు తెరుచుకోవడం మాత్రమే ఉంది.

‘మ్యూనిఫిసెంట్’ అనే కవల లాంటి మాట ఒకటుంది. పెద్ద మనసుతో దానం చేసే అని అర్థం, ‘మూనుస్’ అంటే కానుక అన్న లాటిన్ మాట నుంచి. పెద్ద మొత్తం విరాళమిచ్చినవాళ్లను వేదిక మీద పొగిడేటప్పుడు ఒకటి అనబోయి ఇంకొకటి అంటుంటారు. అర్థం పూర్తిగా పాడైపోదు గానీ, ఇచ్చిన చెయ్యి కాస్తా కనిపించే మనిషై కూర్చుంటుంది.

వాడుకలో జారే చోట్లు నాలుగైదు ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది స్పెల్లింగ్. ‘ఎఫ్-ఐ-సి-ఇ-ఎన్-టి’ అని ముగియాల్సినదాన్ని మధ్యలో ఇంకో ఐ చేర్చి ‘ఎఫ్-ఐ-సి-ఐ-ఇ-ఎన్-టి’ అని రాస్తారు. ఎఫిషెంట్, సఫిషెంట్ అనే మాటలు చేతికి అలవాటై చేసే తప్పు ఇది. అవీ ఆ ‘చెయ్యడం’ అనే క్రియ నుంచి వచ్చినవే, కానీ వేరే రూపం నుంచి. స్పెల్లింగ్ తప్పితే పలకడమూ తప్పుతుంది. ‘మాగ్నిఫిషెంట్’ అని తెలుగువాళ్లలో చాలామంది అనడానికి కారణం ఆ దొంగ ఐ. పలకాల్సింది ‘మ్యాగ్-నిఫ్-ఇ-సెంట్’. ఒత్తు రెండో ముక్క మీద, ‘నిఫ్’ మీద పడాలి. మొదటి అక్షరం మీద ఒత్తి మిగతాది గబగబా అనేస్తే ఇంగ్లిష్ చెవికి అది వెంటనే తట్టదు.

ఇంకోటి ‘వెరీ’. ‘వెరీ మాగ్నిఫిసెంట్’ వ్యాకరణం దృష్ట్యా ఘోరమేమీ కాదు గానీ, వినడానికి బాగోదు. అప్పటికే కొండ చివర ఉన్న మాటను ఇంకో మెట్టు ఎక్కమన్నట్టు ఉంటుంది. తెలుగులో ‘చాలా అత్యద్భుతం’ ఎలా వినిపిస్తుందో అలా. నొక్కి చెప్పాలనుకుంటే ‘అబ్సల్యూట్‌లీ’, ‘ట్రూలీ’, ‘సింప్లీ’ వాడతారు. ‘క్వైట్’ దగ్గర తమాషా ఉంది. బ్రిటిష్ వాడుకలో ‘క్వైట్ గుడ్’ అంటే ఫర్వాలేదు అని. ‘క్వైట్ మాగ్నిఫిసెంట్’ అంటే మాత్రం పూర్తిగా, నూటికి నూరు పాళ్లు అని. పక్కనున్న మాటను బట్టి ఒకే క్రియావిశేషణం అర్థం తిరగబడుతుంది. పోల్చడానికి ‘మోర్ మాగ్నిఫిసెంట్’, ‘మోస్ట్ మాగ్నిఫిసెంట్’ అనడంలో తప్పు లేదు. తోక పోలిక నుంచే పుట్టిందని ముందే అనుకున్నాం కదా.

ఆఫీసు మెయిళ్లలో ఈ మాటను వీలైనంత దూరం పెట్టడం మంచిది. ‘థాంక్స్ ఫర్ యువర్ మాగ్నిఫిసెంట్ రిపోర్ట్’ అని పై అధికారికి పంపితే కాకా పడుతున్నట్టుంటుంది, తోటివాడికి పంపితే ఎత్తిపొడిచినట్టుంటుంది. రిపోర్టు ఎంత బాగా రాసినా ‘ఎక్సలెంట్’ చాలు. చిన్నవి, ముద్దొచ్చేవి, సుకుమారమైనవి కూడా దీని పరిధిలోకి రావు. పసిపాప నవ్వు, మొగ్గ, చేతికుట్టు రుమాలు, వీటికి ‘లవ్లీ’ ఉంది, ‘డెలికేట్’ ఉంది.

ఏడు అనే అంకెతో కలిసి ఈ మాట ఒక ముద్రలా తయారైన సంగతి చెప్పకపోతే వెలితే. 1960 నాటి కౌబాయ్ సినిమా ఒకటి ‘ద మాగ్నిఫిసెంట్ సెవెన్’ అనే పేరుతో వచ్చాక ఏడుగురు ఎక్కడ కనిపించినా ఈ పేరు పెట్టడం అలవాటైంది. 1996 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా మహిళల జిమ్నాస్టిక్స్ జట్టుకు అదే పేరు. లండన్‌లో 19వ శతాబ్దపు ఏడు పెద్ద శ్మశానాలకూ అదే పేరు. 2023 నుంచి షేర్ మార్కెట్లో ఆపిల్, మైక్రోసాఫ్ట్, ఆల్ఫబెట్, అమెజాన్, ఎన్విడియా, మెటా, టెస్లా కలిపి అదే పేరు. ఆటగత్తెలు, సమాధులు, కంపెనీలు! ఇక్కడ మాగ్నిఫిసెంట్‌కు అర్థం వెతకడం దండగ, అది వట్టి లేబుల్. అనువదించాల్సి వస్తే ‘మాగ్నిఫిసెంట్ సెవెన్’ అనే ఉంచేయడం మేలు.

మిగతా చోట్ల అనువాదం ఎలా? పక్కనున్న నామవాచకాన్ని అడగాలి. అక్కడ ఎవరైనా చేసినది ఏమైనా ఉందా, వెచ్చించినది ఏమైనా ఉందా? కోట, భవనం, ఉత్సవం అయితే వైభవం నిలుస్తుంది. నటన, ఇన్నింగ్స్, కచేరీ అయితే పని ఉంది, ఖర్చు లేదు. అక్కడ ‘అద్భుతమైన’ సరిపోతుంది. అద్భుతం నవరసాల్లో ఒకటి, దాని స్థాయీభావం విస్మయం. అంటే అదీ చూసేవాడి వైపు నుంచి వచ్చిన మాటే. పులి, గుర్రం, ఆ ఎర్ర గొంతు పక్షి అయితే రాజసం, ఠీవి దగ్గర. ‘ఎంత ఠీవిగా ఉందో’ అంటే చాలు, విశేషణమే కావాలన్న పట్టుదల అక్కర్లేదు. కొండలు, లోయలు అయితే ‘మహోన్నతమైన’, ‘గంభీరమైన’ పనికొస్తాయి. ‘వాట్ ఎ మాగ్నిఫిసెంట్ వ్యూ’ను ‘ఎంత అద్భుతమైన దృశ్యం’ అని రాయడం కన్నా ‘చూడ్డానికి రెండు కళ్లూ చాలవు’ అంటే తెలుగులా ఉంటుంది.

గెలుపు దగ్గర ఒక గొయ్యి ఉంది. ‘మాగ్నిఫిసెంట్ విక్టరీ’ చూడగానే చెయ్యి ‘ఘనవిజయం’ అని రాసేస్తుంది. తెలుగు పత్రికల భాషలో ఘనవిజయమంటే భారీ తేడాతో గెలవడం. ఇంగ్లిష్ మాట తేడా గురించి ఏమీ చెప్పడం లేదు. ఆఖరి బంతికి ఒక్క పరుగుతో గట్టెక్కినా అది మాగ్నిఫిసెంట్ విక్టరీయే, పోరాటం అంతటిదైతే. అలాంటి చోట ‘ఘనవిజయం’ అంటే మ్యాచ్ చూడని పాఠకుడికి తప్పుడు స్కోరు చెప్పినట్టే. ‘చిరకాలం గుర్తుండే గెలుపు’ అనడం నయం.

‘మాగ్నిఫిసెంట్ ఫెయిల్యూర్’ ఇంకా కష్టం. ఇది వెటకారం కాదు. పెట్టుకున్న లక్ష్యం ఎంత పెద్దదంటే, ఓడిపోయినా ఆ ప్రయత్నానికి తల వంచాలనిపించడం. ‘ఘోర వైఫల్యం’ అంటే పూర్తిగా ఎదురర్థం వస్తుంది. ‘అద్భుతమైన వైఫల్యం’ అంటే ఏమీ అర్థం కాదు. ‘ఓడినా ఘనంగా ఓడారు’ అనవచ్చు, విశేషణాన్ని క్రియ పక్కకు జరిపి.

వెటకారమైతే అసలు చిక్కే లేదు. ఎవరో మొత్తం ఫైళ్లను పొరపాటున డిలీట్ చేసి తెల్లమొహం వేసుకుని నిలబడ్డారు. పక్కనున్నవాళ్లు కంప్యూటర్ వైపు చూసి, ఒక్క క్షణం ఆగి, స్వరం ఏమాత్రం పెంచకుండా ‘మాగ్నిఫిసెంట్. జస్ట్ మాగ్నిఫిసెంట్’ అన్నారు. ఇక్కడ నిఘంటువు ఇచ్చిన మాటల్లో ఒక్కటీ పనికిరాదు. రెండువేల ఏళ్ల కిందటి లాటిన్ మాట ఏ రెండు ముక్కలతో పుట్టిందో, సరిగ్గా ఆ రెండు ముక్కలతో తెలుగులో జవాబు తయారుగా ఉంది: ‘ఘనకార్యమే చేశావు!’